తాత చేతి నుంచి నాన్న చేతికి: ఒక ఐదున్నరేళ్ల బాబు కేస్ స్టడీ

బాబుకు ఐదున్నరేళ్లు, యూకేజీ. తల్లికి ఆరో నెల. బీపీ ఎక్కువగా ఉందని, బరువులు ఎత్తొద్దని, వీలైనంత వరకు పడుకునే ఉండమని డాక్టరు చెప్పారు. అంటే స్నానం, తిండి, స్కూలు అన్నీ ఇక తండ్రే చూసుకోవాలి. బాబేమో తండ్రి చెయ్యి పడనివ్వడు. షర్టు తొడగబోతే నేల మీద పడి దొర్లుతాడు. అన్నం పెట్టబోతే పళ్లు బిగిస్తాడు. తల్లి బాత్రూంలోకి వెళ్తే, హాల్లో తండ్రి ఉన్నా సరే, తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తాడు. తండ్రికి ఏదైనా చెప్పాల్సి వస్తే, ఆయన ఎదురుగానే ఉన్నా తల్లి చేత చెప్పిస్తాడు: "అమ్మా, టీవీ పెట్టమను." "అమ్మా, నా బ్యాగు ఇమ్మను."

వాళ్లుండేది బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో. తల్లిది మదనపల్లె, తండ్రిది కదిరి దగ్గర ఒక పల్లె. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తెలుగులో మాట్లాడే సైకాలజిస్ట్ కోసం వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చారు. ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్‌లో నెగ్గుకొచ్చే మనిషికి కూడా, సొంత బిడ్డ తనను తోసేస్తున్నాడన్న సంగతి ఇంగ్లిష్‌లో చెప్పుకోవడం కష్టం. తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

చట్ట ప్రకారం వచ్చే 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయాక తల్లి కొన్ని నెలలు ఇంటి నుంచే పని చేసింది. తర్వాత ఆఫీసుకు రమ్మన్నారు. బాబును క్రెష్‌లో వేశారు. వారం విడిచి వారం జలుబు, జ్వరం. అమ్మమ్మ వచ్చి చూసి, "ఈ ఊర్లో వీడు ఉండలేడు, మాకియ్యండి" అంది. అలా పద్నాలుగో నెలలో బాబు మదనపల్లె చేరాడు. మూడు గంటల ప్రయాణమే కదా, ప్రతి వారం వెళ్లొచ్చు అనుకున్నారు. తల్లి దాదాపు ప్రతి వారం వెళ్లేది. తండ్రికి కుదిరినప్పుడే.

ఈ కథ బెంగళూరు తెలుగు ఇళ్లలో కొత్తది కాదు. కానీ ఒక సంగతి నాకు రెండో సిటింగ్‌లో గానీ తెలియలేదు. తండ్రి మదనపల్లె వెళ్లినా అక్కడ ఆయన అల్లుడు. కాళ్లకు నీళ్లిస్తారు, కంచం ముందు పెడతారు. బాబు దొడ్డికి పోయి వస్తే ఆయన లేవబోయినా అత్తగారు ఒప్పుకునేది కాదు: "మీరు కూర్చోండి, అల్లుడు చేసే పనా ఇది?" ఆమె మర్యాదగానే అంది, ఆయనా అలాగే తీసుకున్నాడు. అట్లా మూడేళ్లు ఆ పిల్లవాడి ఒంటి మీద తండ్రి చెయ్యి పడిన సందర్భాలు చాలా తక్కువ. ఎత్తుకోవడం, ఫొటో దిగడం, చాక్లెట్ ఇవ్వడం. అంతే.

పనంతా తాతది. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయిన మనిషి. పొద్దున స్నానం, పెరుగన్నం ముద్దలు, సాయంత్రం బస్టాండు దాకా నడక, రాత్రి పక్కన పడుకుని కథలు. బాబు లోకం ఆయనే.

నాలుగేళ్లు దాటాక స్కూలు కోసం బెంగళూరు తెచ్చుకున్నారు. తండ్రి షిఫ్టు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి పది దాకా. బాబు స్కూలుకు వెళ్లే వేళకు ఆయన నిద్రలో ఉంటాడు, ఆయన వచ్చే వేళకు బాబు నిద్రపోయి ఉంటాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు కనబడరు. శనివారం మాల్, ఐస్‌క్రీం, కొత్త కారు బొమ్మ. "అక్కడ బాగానే ఉంటాడు మేడమ్. ఇంటికొస్తే మళ్లీ మామూలే. వాడికి నేనేం తక్కువ చేశాను?" అన్నాడు తండ్రి. ఆయన గొంతులో కోపం లేదు. అలసిపోయి ఉన్నాడు.

ఏం చూశాను, ఏమనుకున్నాను

ముందు వేరే కారణాలు ఉన్నాయేమో చూసుకోవాలి. వినికిడి బాగానే ఉంది. మాటలు వయసుకు తగ్గట్టున్నాయి. కళ్లలోకి చూస్తాడు, వేలు పెట్టి చూపిస్తాడు, ఉత్తుత్తి ఆటలు ఆడతాడు. ఎదుగుదలలో ఏ చిన్న అనుమానం ఉన్నా హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ పిల్లల సైకియాట్రీ విభాగానికి పంపేదాన్ని, ఇక్కడ ఆ అవసరం కనిపించలేదు. తాతతో వీడియో కాల్ మాట్లాడుతుండగా తల్లి తీసిన రికార్డింగ్ చూపించింది. మోకాలి మీద గీరుకున్న చోటు ఫోనుకు ఆనించి, ఎలా పడ్డాడో, ఎవరు తోశారో, టీచర్ ఏమందో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. మనిషిని నమ్మి దెబ్బ చూపించుకోవడం తెలిసిన పిల్లవాడు.

తల్లినీ తండ్రినీ విడివిడిగా కూర్చోబెట్టి కొట్టడం, తాగుడు, ఇంట్లో గొడవల గురించి అడిగాను. పిల్లవాడు పెద్దమనిషికి దూరంగా జరుగుతున్నాడంటే ఈ ప్రశ్నలు అడగకుండా ముందుకు వెళ్లకూడదు. తాగుడు లేదు. ఒకసారి చెంప మీద కొట్టానని తండ్రి తనంతట తానే చెప్పాడు, తల్లి చెప్పిందీ అదే.

తర్వాత తండ్రీ కొడుకులను ఆటలో చూశాను. గదిలో బొమ్మ లారీ, బిల్డింగ్ బ్లాకులు పెట్టి, "మామూలుగా ఆడుకోండి" అన్నాను. బాబు లారీ తీసుకున్నాడు. తండ్రి మొదలుపెట్టాడు: "ఇదేం కలర్? ఎన్ని చక్రాలున్నాయి? లెక్కపెట్టు. లారీని ఇంగ్లిష్‌లో ఏమంటారు? అట్ల కాదు, ఇట్ల తిప్పు. సరే, స్పెల్లింగ్ చెప్పు." 5 నిమిషాల్లో 30కి పైగా ప్రశ్నలు, ఆర్డర్లు. ఒక్క కటువైన మాట లేదు, అంతా ప్రేమతోనే. బాబు మెల్లగా వీపు తిప్పాడు. చివరికి లారీని కుర్చీ కిందికి తోసి తనూ ఆ కిందకే దూరాడు.

ఇంత వరకు చూస్తే ఇది కాస్త చనువు తక్కువైన ఇల్లు అనిపిస్తుంది. అసలు విషయం తల్లి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పింది. మదనపల్లె నుంచి బాబును తెచ్చిన రోజు, మెలకువగా ఉంటే గోల చేస్తాడని నిద్రలోనే కారెక్కించారు. చూస్తే తట్టుకోలేనని తాత పాల ప్యాకెట్ వంకతో బయటికి వెళ్లిపోయాడు. బాబు కళ్లు తెరిచేసరికి రామ్మూర్తి నగర్‌లో ఉన్నాడు. కారు నడిపింది తండ్రి. ఆ తర్వాత కొన్నాళ్లు అడిగాడట, "తాత ఎప్పుడొస్తాడు?" అని. "రెండ్రోజుల్లో" అన్నారు. ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పారు. ఒక రోజు నుంచి అడగడం మానేశాడు. "మర్చిపోయాడనుకున్నాం" అంది ఆమె.

పిల్లలు ఇలాంటివి మర్చిపోయి ఊరుకోరు. తాత కోసం బెంగ పెట్టుకున్నాడు, ఆ బెంగకు కారణం ఎవరో వాడి లెక్కలో తేలిపోయింది. తండ్రి మీద ఉన్నది పంతమో మొండితనమో అని నేను అనుకోలేదు.

1964లో గ్లాస్గోలో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ 60 మంది పసిపిల్లలను నెలల తరబడి గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర వచ్చేసరికి నాలుగింట మూడు వంతుల మంది పిల్లలు తండ్రితో కూడా బంధం పెంచుకున్నారు. అన్నం పెట్టినంత మాత్రాన, ఎక్కువ గంటలు దగ్గరున్నంత మాత్రాన ఆ బంధం రాలేదని, బిడ్డ పిలుపుకు పలికే మనిషితో వచ్చిందని వాళ్లు రాశారు. మా బాబు ఆ వయసులో పిలిస్తే పలికింది తాత. తండ్రిలో లోపం లేదు, ఆయనకు ఆ చోటు దొరకలేదు.

తండ్రి పాత్ర మీద పరిశోధించిన మైకేల్ లాంబ్ బృందం 1980లలో దాన్ని మూడు భాగాలుగా చూడమంది: బిడ్డతో నేరుగా గడపడం, అందుబాటులో ఉండటం, బాధ్యత మోయడం. మన ఇళ్లలో మూడోది ఎంత ఉందో తెలుసుకోవడానికి నేను తండ్రులను మామూలు విషయాలే అడుగుతాను. బాబు షూ సైజెంత? గోళ్లు ఎవరు తీస్తారు? జ్వరం వస్తే ఏ మందు, ఎన్ని ఎంఎల్? ఈ తండ్రికి ఒక్కదానికీ జవాబు రాలేదు. స్కూలు ఫీజు ఎంతో, ఏ తారీఖున కట్టాలో మాత్రం ఠక్కున చెప్పాడు. అదీ బాధ్యతే. కానీ ఆ బాధ్యత పిల్లవాడి కంటికి కనబడదు.

చేసిన పని

మొదట తాతను పిలిపించాను. నా పద్ధతిలో ఇదే ముఖ్యమని నా నమ్మకం. చాలా ఇళ్లలో పెంచినవాళ్లను కొన్నాళ్లు దూరం పెడితే పిల్లవాడు కుదురుకుంటాడని సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. పిల్లవాడు నమ్మిన మనిషే, వాడి కళ్ల ముందే, వాడిని రెండో మనిషికి అప్పగించాలి.

తాత వచ్చి పది రోజులు ఉన్నాడు. ఏం చెప్పాలో ముందే అనుకున్నాం, ఎలా చెప్పాలో మాత్రం ఆయనకే వదిలేశాను. నా గదిలో బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నాడు: "నేనే పంపిస్తి నాయనా, బడికి పోవల్ల కదా అని. మీ నాయన నిన్ను ఎత్తుకోని పోలేదు. నేనే ఎత్తి ఆయన చేతుల్లో పెడ్తి. నువ్వు నిద్దర పోతాంటివి. నిన్ను లేపకపోవడం నాదే తప్పు." బాబు ఏమీ అనలేదు. కాసేపు తాత చొక్కా గుండీ తిప్పుతూ ఉన్నాడు. తర్వాత, "పాల ప్యాకెట్ తెచ్చినావా?" అని అడిగాడు. ఏడాది పైగా ఆ ప్రశ్న వాడి లోపలే ఉండిపోయింది. తండ్రి అప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

రెండోది స్నానం. తండ్రికి ఒకే ఒక పని అప్పగించాలనుకున్నాను. అది రోజూ జరిగేది, తప్పించుకోలేనిది, ఒంటికి సంబంధించినది అయ్యుండాలి. ఆయన షిఫ్టుకు కుదిరేది పొద్దుటి పనే. అర్ధరాత్రి దాటాక పడుకుని ఆరున్నరకు లేవడం తేలిక కాదు, ఆయన బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

తాత స్నానానికి ఒక వరస ఉంది. ముందు చెంబుడు నీళ్లు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, తర్వాత భుజాల మీద, అన్నిటికన్నా చివర తల మీద. నీళ్లు హఠాత్తుగా నెత్తిన పడితే బాబుకు ఊపిరి ఆగినట్టవుతుంది, తాతకు అది తెలుసు. అంతా అయ్యాక చారెడు నీళ్లు తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష" అని పక్కకు వదలాలి. తండ్రి ఇంతకు ముందు షవర్ కింద నిలబెట్టేవాడు. బాబు స్నానం దగ్గర ఎందుకు అరుస్తున్నాడో అక్కడే తెలిసింది.

మొదటి మూడు రోజులు తాత పోశాడు, తండ్రి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పాదాల మీద పోసేది తండ్రి, మిగతాది తాత. ఆ తర్వాత తాత స్టూలు మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే నీళ్లన్నీ తండ్రి పోశాడు. ఆఖరి రెండు రోజులు తాత హాల్లోనే ఉన్నాడు. బాబు లోపలి నుంచి, "తాతా, వరస తప్పినాడు!" అని అరిచాడట. తండ్రి చెంబు దించి, "ఎట్ల పోయాలో నువ్వే చెప్పురా" అన్నాడు. బాబు చెప్పాడు. మధ్యలో అమ్మ లేకుండా తండ్రితో నేరుగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

మూడోది ఆట. 1970లలో అమెరికాలో షీలా ఐబర్గ్ రూపొందించిన పేరెంట్–చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ నుంచి మొదటి దశ మాత్రం తీసుకున్నాను. అది రెండు నుంచి ఏడేళ్ల పిల్లల్లో మొండి ప్రవర్తనకు వాడే పద్ధతి. ఈ ఇంట్లో నాకు కావలసింది అందులోని 5 నిమిషాల ఆట. రోజుకు 5 నిమిషాలు పిల్లవాడు ఆడిస్తాడు, పెద్దవాళ్లు ఆడతారు. ప్రశ్న వెయ్యకూడదు, ఆర్డర్ వెయ్యకూడదు, తప్పు పట్టకూడదు. వాడు చేసేది పైకి చెప్పాలి, వాడన్న మాట తిరిగి అనాలి, బాగా చేసినదాన్ని ఏది బాగుందో చెప్పి మెచ్చుకోవాలి. ఆ రోజు ఎంత అల్లరి చేసినా ఆ 5 నిమిషాలు మాత్రం రద్దు చెయ్యకూడదు.

మన వాళ్లకు ఇందులో కష్టమైంది మెచ్చుకోవడం. దిష్టి తగులుతుందని కొందరు, నెత్తికెక్కుతాడని కొందరు పిల్లల్ని మొహం మీద మెచ్చుకోరు. ఈ తండ్రికి "గుడ్ బాయ్" తప్ప ఇంకో మాట రాలేదు. గదిలో కూర్చుని సాధన చేశాం. "అబ్బ, కింద పెద్ద బ్లాకు పెట్టావు, అందుకే పడలేదురా." "లారీని ఎంత నెమ్మదిగా వెనక్కి తీస్తున్నావో!" ఆయన సొంత ధోరణిలో పడ్డాక మాటలు తేలిగ్గా వచ్చాయి. ప్రశ్నలు ఆపడం మాత్రం ఇంకా కష్టమైంది. నోరు ఊరుకోనప్పుడు పెదవి కొరుక్కునేవాడు.

వీటితో పాటు కొన్ని మానిపించాను. "నాన్న ఇష్టమా, తాత ఇష్టమా?" అని ఎవరూ అడగొద్దు. బలవంతంగా ముద్దు అడగొద్దు. కొట్టడం పూర్తిగా బంద్. శనివారం మాల్ బదులు కూరగాయలకో, బండికి గాలి పట్టించడానికో వెంట తీసుకెళ్లమన్నాను.

ఇందులో తల్లి పడిన కష్టం గురించి కూడా చెప్పాలి. మూసిన తలుపు అవతల కొడుకు "అమ్మా" అని ఏడుస్తుంటే మంచం మీద పడుకుని ఉండటం మాటలు కాదు. మొదటి వారం రెండు సార్లు లేచి వెళ్లింది. ఆమె వెళ్లిన ప్రతిసారీ బాబు మరుసటి రోజు ఇంకాస్త గట్టిగా ఏడ్చాడు. "వాళ్ల నాన్న చేస్తే చొక్కా తిరగేసి తొడుగుతాడు" అంది ఒకరోజు. తొడగనివ్వమన్నాను. తిరగేసిన చొక్కాతో ఒకరోజు స్కూలుకు వెళ్లినా ఏమీ కాదు. ఆమె తర్వాత పొద్దున అరగంట చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకునేది. ఈ కేసులో సగం పని ఆమె ఓర్పే చేసింది.

తాత వెళ్లిన రోజు, ఆ తర్వాత

ఈసారి దాచి పంపలేదు. రెండు రోజుల ముందు నుంచే చెప్పారు, మజ్జిగలోకి ఊరమిరపకాయలు వేయించిన డబ్బా కూడా బాబు చేతే సంచిలో పెట్టించారు. బస్సు దగ్గరికి తండ్రి ఎత్తుకుని తీసుకెళ్లాడు. బస్సు కదలగానే బాబు తండ్రి భుజం కొరికాడు. పళ్ల గాట్లు నాకు మరుసటి రోజు చూపించాడు. "కొట్టబుద్ధి కాలేదు మేడమ్. నాకూ ఏడుపొచ్చింది. తాత పోయినాడని బాధగా ఉందిరా అన్నాను, గట్టిగా పట్టుకున్నాడు." ఆ మాటను నా నోట్స్‌లో కింద గీత గీసి పెట్టుకున్నాను.

ఆ వారం బాబు మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టాడు. కొత్తగా కుదుటపడుతున్న పిల్లల్లో ఇలా ఒక అడుగు వెనక్కి పడటం మామూలే, ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. తిట్టొద్దు, దుప్పటి మార్చి పడుకోబెట్టండి అన్నాను. వారం దాటాక తగ్గింది. తాతతో రోజూ ఏడింటికి వీడియో కాల్ పెట్టుకున్నారు, "రెండ్రోజుల్లో వస్తా" అనే మాట మాత్రం ఎవరూ అనకూడదు. వచ్చేది ఎప్పుడో క్యాలెండర్ మీద చూపించాలి.

తల్లికి బీపీ పెరిగి, అనుకున్న తేదీ కంటే ముందే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. అమ్మమ్మ ఆమెతో ఆస్పత్రిలో, ఇంట్లో తండ్రీ కొడుకులు. మొదటి రాత్రి పదకొండు దాకా ఏడ్చి నిద్రపోయాడు. తెల్లవారుజామున లేచి చీకట్లో, "నాయనా, పాస్" అన్నాడు. తాత పెంపకంలో పలికినది అదే కాబట్టి తండ్రిని కూడా నాయనా అనే పిలిచాడు. ఆయన నాకు పొద్దున్నే ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేశాడు.

ఇప్పటి పరిస్థితి

పాప పుట్టి కొన్ని నెలలు అయ్యాక రివ్యూకు వచ్చారు. వెయిటింగ్ హాల్లో బాబు కుర్చీ అంచుకు తల కొట్టుకున్నాడు. తల్లి ఒళ్లో పాప ఉంది. నేరుగా తండ్రి దగ్గరికి వెళ్లి తల చూపించాడు, ఆయన ఊదాడు, మళ్లీ ఆటకు వెళ్లిపోయాడు. బంధం ఎంత వచ్చిందో చూడటానికి నాకు ప్రశ్నాపత్రాల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది: దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వెళ్తాడు, ఎంతసేపట్లో ఊరుకుంటాడు, మళ్లీ ఆటలో పడతాడా. జ్వరం వస్తే మాత్రం ఇప్పటికీ అమ్మే కావాలి. అందులో తప్పేం లేదు.

తండ్రి షిఫ్టు మార్చమని అడిగాడు. కొన్ని నెలలు తిప్పి పగటి షిఫ్టు ఇచ్చారు, షిఫ్ట్ అలవెన్స్ పోయింది. పాప పుట్టినప్పుడు ఆయనకు కంపెనీ ఇచ్చిన సెలవు అయిదు రోజులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు తప్పనిసరిగా ఇన్ని రోజులు ఇవ్వాలని చట్టం ఏదీ లేదు, కంపెనీ దయ. పెద్ద బాబుకు మొదటి ఏడాది తాను ఎక్కడున్నాడో గుర్తు లేదని చెప్పిన మనిషి, ఈసారి ఆ అయిదు రోజులకు తన సెలవులు కలుపుకుని మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు. అడగడానికి మొహమాటపడ్డాడు, మేనేజర్‌కు మెయిల్ ఎలా రాయాలో కూడా నా దగ్గరే కూర్చుని రాసుకున్నాం. ఇలాంటి మెయిల్ రాయించడం కూడా నా వృత్తిలో భాగమేనని గట్టిగా నమ్ముతాను.

పాప స్నానం అమ్మమ్మ చేయిస్తోంది. అది కొంచెం కొంచెంగా తండ్రికి ఇప్పించమని చెప్పాను, ఈసారి ఆమె అడ్డుపడలేదు. పెద్దోడు పక్కన నిలబడి పాదాల మీదే ముందు పోయాలని అందరికీ చెబుతున్నాడట.

మిగిలింది హోంవర్క్. పుస్తకం ముందు కూర్చుంటే తండ్రి మళ్లీ పాత ప్రశ్నల మనిషి అయిపోతున్నాడు, గొంతు పెరుగుతోంది, బాబు టేబుల్ కిందికి దూరుతున్నాడు. ప్రస్తుతానికి హోంవర్క్ తల్లికి అప్పజెప్పాం. వచ్చే నెల నుంచి రోజుకు ఒక్క పేజీతో తండ్రి చేత మొదలుపెట్టిస్తాను, ఆ పేజీ నా గదిలోనే, నా ముందే చేయిస్తాను.